రంగస్థలంపై రాజు, చరిత్రలో రాజు

షేక్‌స్పియర్ 'మాక్బెత్' చదివిన విద్యార్థులకు ఆ రాజు నిద్రిస్తున్న అతిథిని హతమార్చిన ద్రోహిగానే పరిచితుడు. చరిత్ర వేరుగా పలుకుతున్నది. 1040లో డంకన్ మరణించినది పడకగదిలో కాదు, యుద్ధంలో. పిమ్మట మాక్బెత్ 17 సంవత్సరాలు స్కాట్లండును పాలించాడు. 1050లో రోము యాత్ర చేసి పేదలకు ధనం పంచిపెట్టాడు.

తెలుగు రంగస్థలంపైనా ఇటువంటి రాజు ఒకడున్నాడు. వేదం వేంకటరాయశాస్త్రిగారు 1897లో వెలువరించిన 'ప్రతాపరుద్రీయం' నాటకంలో, ఢిల్లీలో బందీయైన కాకతీయ ప్రభువును మంత్రి యుగంధరుడు పిచ్చివాని వేషంలో వెళ్ళి విడిపిస్తాడు.

వాస్తవం విషాదకరం. 1323లో ఓరుగల్లు ఉలూగ్‌ఖానుకు లొంగిపోయింది. బందీగా బయలుదేరిన ప్రతాపరుద్రుడు ఢిల్లీ చేరనేలేదు. నర్మదా తీరాన మరణించాడని ముసునూరి ప్రోలయనాయకుని విలస తామ్రశాసనం చెబుతున్నది. ఢిల్లీ చరిత్రకారుడు షమ్స్ సిరాజ్ అఫీఫ్ కూడ మార్గమధ్యంలోనే మరణించాడని వ్రాశాడు. మొదటిది సంస్కృతం, ఓడినవారి పక్షం. రెండవది పారశీకం, గెలిచినవారి పక్షం. రెండూ ఒకే మాట చెప్పినప్పుడు సందేహానికి తావు తక్కువ.

ఆంగ్ల నాటకం సమర్థుడైన రాజును దుష్టునిగా చేసింది. మన నాటకం ఓడిన రాజును గెలిపించింది. కవులను తప్పుపట్టనక్కరలేదు, రసపోషణ వారి ధర్మం. అయితే నాటకం చూసి ఒక జాతిని కీర్తించడం, మరొక జాతిని ద్వేషించడం విద్యావంతులకు తగదు. విద్యార్థులారా! రసానికి నాటకాన్ని, సత్యానికి ఉభయపక్షాల సాక్ష్యాన్ని ఆశ్రయించండి. రెండు భాషల నీడలో చదువుకొంటున్న మీకు ఆ అవకాశం అందరికంటె ఎక్కువ.