కూర్చుండి లేచు బలము

2025వ సంవత్సరము కార్తీకమాసమున దుబాయి నగరమందు మా కుమార్తె గృహమున శ్రీ సత్యనారాయణ వ్రతము జరిగెను. కథ ముగిసి హారతి ఇచ్చు సమయమున అందరును లేచి నిలువబడిరి. మేము మాత్రము చాపమీదనుండి లేవలేకపోతిమి. మోకాళ్ళయందు నొప్పి లేదు. తొడలు మాట వినలేదు. అల్లుడొక చేయి, మనుమడొక చేయి పట్టి లేపిరి. మా వయస్సు 68 ఏండ్లు. చెరకుకట్టలు మోసిన వంశమున పుట్టిన మాకు అది చిన్న విషయముగా తోచలేదు.

మేము ఆగస్టు మాసమున ఆ దేశమునకు వెళ్ళితిమి. అప్పుడచ్చట పగటివేడి 40 డిగ్రీలు దాటుచుండెను. ఇంటినుండి లిఫ్టు, లిఫ్టునుండి కారు, కారునుండి చల్లని మాల్. సోఫామీదనే ఫలహారము, సోఫామీదనే కునుకు. అయినను మేము సోమరులము కామనియే నమ్మియుంటిమి. ఏలయన ఆ మాసముననే దుబాయి ప్రభుత్వము ఉదయము 7 గంటలనుండి 10 గంటలవరకు మాల్‌లలో నడచుటకు ఏర్పాటు చేసెను. మేమును ప్రతిదినము ఒక గంట నడచితిమి. నడక గుండెకును చక్కెరవ్యాధికిని మేలు చేయుననుట నిజమే. కాని చదునునేలమీది నడకకు తొడలు తమ పూర్తి బలమును వాడనక్కరలేదు. వాడని బలము తరిగిపోవును. ముప్పది దాటిన పిమ్మట పదేండ్లకు 3 మొదలు 8 శాతమువరకు కండరము తగ్గుననియు, అరువది దాటిన పిమ్మట ఆ తరుగుదల ఇంకను వేగమగుననియు వైద్యులు చెప్పుచున్నారు.

దుబాయిలో 2017 మొదలు ఏటేట 30 దినములు, దినమునకు 30 నిమిషములు వ్యాయామము చేయుడని నగరవాసులను ప్రోత్సహించు ఉద్యమమొకటి సాగుచున్నది. వ్రతమైన కొద్దిదినములకు ఆ సందడిలోనే మా అల్లుడు తమ మేడలోని వ్యాయామశాలకు మమ్ము తీసికొనిపోయెను. శిక్షకుడు మొదట బరువేదియు చేతికీయలేదు. ఒక కుర్చీ వేసి, చేతులు రొమ్ముపై కట్టుకొని 30 సెకండ్లలో ఎన్ని మారులు పూర్తిగా లేచి కూర్చుందురో చూపుడనెను. 65 మొదలు 69 ఏండ్లలోపు పురుషులు కనీసము 12, స్త్రీలు 11 మారులు లేవవలెనట. మేము 7 మారులతో ఆగిపోతిమి. చదువరులారా, గోడకానించిన గట్టి కుర్చీతో, ప్రక్కన ఒకరిని నిలువబెట్టుకొని, మీరును లెక్కించి చూడుడు.

ఈ వయస్సున బలము తిరిగి వచ్చునా యని మేమడిగితిమి. 1990లో అమెరికాలోని బోస్టన్ నగరమున ఒక వృద్ధాశ్రమమందు 86 మొదలు 96 ఏండ్ల వయస్సుగల పదిమందిచే వైద్యులు 8 వారములు కాళ్ళతో బరువులెత్తించిరి. ఒకరు మధ్యలో మానిరి. తక్కినవారి కాళ్ళబలము సగటున 174 శాతము పెరిగెను. ఇద్దరు చేతికర్రను విడిచి నడచిరి. ఈ సంగతి విన్న తరువాత మా వయస్సును సాకుగా చెప్పుటకు సిగ్గుపడితిమి.

మన పెద్దలు తోటలలో పడిన పాటు చాలదా యని కొందరందురు. పడిన పాటు దాచిన ధనము కాదు. ఆ నగరమున మేడలు కట్టుచున్న కరీంనగరము, నిజామాబాదు ప్రాంతపు సోదరులను చూచితిమి; వారిది ఇనుమువంటి శరీరము. కాని ఊరు చేరి మంచము పట్టుకొన్నచో ఆ ఇనుమును కరిగిపోవును. పైగా కూలిపనిలో బరువు యజమాని యిష్టము. ఒకే కీలు అరుగును. వ్యాయామమున బరువు మన యిష్టము. నేడు ఒకటి, వచ్చువారము ఒకటిన్నర.

బరువులు కొనవలసిన పని లేదు. కుర్చీనుండి చేతులూనక మెల్లగా లేచి, అంతకంటె మెల్లగా కూర్చుండుట, గోడకు చేతులానించి దండెములవలె త్రోయుట, మడమలెత్తి నిలుచుట, రెండు లీటర్ల నీళ్ళసీసాను ఎత్తి దించుట. పది మారులు చేసి, విశ్రమించి, మరల పది. చివరి రెండు మారులు కష్టముగా ఉండవలెను. సుళువైనచో బరువు పెంచవలెను. లేచునప్పుడు ఊపిరి విడువవలెను గాని బిగబట్టరాదు; రక్తపుపోటు గలవారికి అది ముఖ్యము. రొమ్మునొప్పి గలవారును, క్రొత్తగా శస్త్రచికిత్స అయినవారును వైద్యునడుగక మొదలిడరాదు. వారమునకు కనీసము 2 దినములు కండరములకు పని యీయవలెననియు, 65 దాటినవారు తూకము నిలుపు అభ్యాసమును కూర్చి 3 దినములు చేయవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది.

మా ధర్మపత్ని మమ్ము చూచి, “ఏమి తప్పు చేసితిరి, గుంజీలు తీయించుచున్నారు?” అని నవ్వెను. బడిలో శిక్షగాను, వినాయకుని యెదుట భక్తిగాను మనము తీసిన గుంజీలే ఇవి! కలియుగ భీముడని పేరొందిన వీరఘట్టము కోడి రామమూర్తి నాయుడుగారిని పొగడుచుందుము గాని, బస్కీలు కుర్రవారి పనియని మనకు మనమే కొట్టివేసితిమి. మరునాటినుండి ఆమెయు కుర్చీ తెచ్చుకొనెను. ముట్లుడిగిన స్త్రీలకు ఎముకలు పలుచబడును గనుక ఈ అభ్యాసము ఆమెకు మరింత అవసరమట.

ఆహారమును గూర్చి ఒక మాట. పచ్చడిమెతుకులు, మజ్జిగతో మాత్రము కండరము పెరుగదు. పెద్దలకు శరీరపు తూకములో ప్రతి కిలోకు 1 మొదలు 1.2 గ్రాముల మాంసకృత్తులు కావలెను. 60 కిలోలవారికి దినమునకు 60 గ్రాములకు తక్కువ కారాదు. పప్పు, పెరుగు, సెనగలు ప్రతిపూటయు ఉండవలెను. తినువారు గ్రుడ్డును చేపను చేర్చుకొనవచ్చును. మూత్రపిండముల వ్యాధి గలవారు వైద్యుని మాటనే వినవలెను.

నవంబరు చివర మేము ద్వీపమునకు తిరిగి వచ్చితిమి. అభ్యాసము మానలేదు; ఇప్పుడు కుర్చీ లెక్క 13. మొన్న మాఘమాసమున మన గుడిలో వ్రతమునకు చాపలు పరచుచుండగా ఒక కుర్రవాడు మాకొరకు కుర్చీ తెచ్చెను. దానిపై పూలబుట్టను పెట్టించి మేము క్రింద కూర్చుంటిమి. హారతివేళ ఒక చేయి నేలకు ఆనించి లేచితిమి. ఆ చేయి ఇంకను అవసరముగానే యున్నది.