వేడి ఇంజిన్‌దా... ముల్లుదా?

ఇంట్లో పాతకారు ఉన్నవాళ్లకి టెంపరేచర్ మీటరుతో ఎప్పుడో ఒకప్పుడు పేచీ తప్పదు. ఇంజిన్ మామూలుగానే ఉన్నా ముల్లు ఎర్రగీత ఎక్కి కూర్చుంటుంది. లేదంటే, ఇంజిన్ ఉడికిపోతున్నా కిందనుంచి కదలదు. మొదటి అబద్ధాన్ని నమ్మితే జేబుకు చిల్లు. రెండోదాన్ని నమ్మితే ఇంజినే గల్లంతు. మరి ముల్లు చెప్పేది నిజమో కాదో తెలిసేదెలా?

వినాయకచవితి దగ్గరపడితే హైదరాబాద్ పాతబస్తీలోని ధూల్‌పేట్‌లో అడుగు తీసి అడుగు వేయడం కష్టం. రోడ్డుకు రెండువైపులా గణపతి విగ్రహాలు, వాటిని తీసుకెళ్లడానికి వచ్చిన లారీలు, ట్రాలీలు, బేరాలాడే జనం. సంక్రాంతికైతే గాలిపటాల సందడి. ఆ రద్దీలో ఏ పాత అంబాసిడరో చిక్కుకుందనుకోండి. బండి నత్తలా కదులుతుంటుంది. పది నిమిషాలయ్యేసరికి ముల్లు మెల్లగా పైకి జరుగుతుంది. డ్రైవరు గుండె దడదడలాడుతుంది.

నిజానికి అక్కడ ముల్లు కాస్త పైకెక్కడం సహజం. పాతకార్లలో రేడియేటర్ ఫ్యాను బెల్టుతో తిరుగుతుంది. ఇంజిన్ నిదానంగా తిరిగితే ఫ్యానూ నిదానిస్తుంది. బండి ముందుకు కదలదు కాబట్టి ఎదురుగాలీ ఉండదు. రద్దీ దాటి నాలుగు ఫర్లాంగులు పరిగెత్తాక ముల్లు తిరిగి కిందికొస్తే కంగారక్కర్లేదు. తేడా మరీ ఎక్కువగా ఉంటే బెల్టు బిగుతు, ఫ్యాను రెక్కలు చూసుకుంటే చాలు. అలాకాకుండా ఖాళీ రోడ్డుమీద వేగంగా వెళ్తున్నప్పుడు ముల్లు ఎక్కుతోందంటే మాత్రం అనుమానించాల్సింది రేడియేటర్‌ని, వాటర్‌పంపుని. ఏళ్లతరబడి బోరునీళ్లు పోసిన రేడియేటర్ గొట్టాల్లో సున్నం పేరుకుపోతుంది. నీళ్లు తిరగవు.

నీళ్లు గంతులేయవు!

పాతకారు యజమానులు గుర్తుపెట్టుకోవాల్సిన మొదటి సూత్రం ఇదే. ఇంజిన్‌లో ఉండే లీటర్ల కొద్దీ నీళ్లు ఒక్క క్షణంలో వేడెక్కవు, ఒక్క క్షణంలో చల్లారవు. ముల్లు మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంటే అది చాలావరకు నిజమే చెబుతోంది. అలాకాక గతుకు తగలగానే ఎగిరిపడినా, హెడ్‌లైట్లు వేయగానే జరిగినా, తాళం తిప్పిన కాసేపటికే చల్లని ఇంజిన్‌కి ఎర్రగీత చూపించినా తప్పు నీళ్లలో లేదు, వైర్లలో ఉంది.

మీటరు ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఇది ఇంకా సులువుగా అర్థమవుతుంది. బాగా పాతకాలపు కార్లలో మీటరుకు కరెంటుతో పనిలేదు. ఇంజిన్‌లో ఓ చిన్న లోహపు బుడ్డి, అందులో ఈథర్. అది వేడెక్కి ఆవిరైతే ఆ ఒత్తిడి సన్నటి రాగిగొట్టం ద్వారా మీటరును చేరి ముల్లును తిప్పుతుంది. ఆ గొట్టం ఎక్కడైనా మెలిపడినా, తెగినా ఈథర్ కాస్తా పోతుంది. ముల్లు ఇక లేవదు. కాబట్టి ఇంజిన్ దింపేటప్పుడు ముందు ఆ గొట్టాన్ని జాగ్రత్తగా విప్పుకోవాలి. ఈథర్ ఇట్టే అంటుకుంటుంది కనుక దాని దగ్గర టంకంపని ఇంట్లో చేయకూడదు.

తర్వాతి కార్లలో కరెంటు మీటర్లు వచ్చాయి. ఇంజిన్‌కు బిగించిన సెండర్ నీళ్ల వేడిని పసిగడుతుంది. వేడి పెరిగేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. కరెంటు ఎక్కువగా పారుతుంది. ముల్లు పైకి లేస్తుంది. అంటే మధ్యలో ఉన్న వైరు, ఎర్తు, సెండరు, మీటరు... ఈ నాలుగింట్లో ఏది పాడైనా ముల్లు అబద్ధమాడుతుంది.

రెండు నిమిషాల పరీక్ష

కరెంటు మీటరైతే తప్పెక్కడుందో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేయాలి. సెండర్ మీది వైరు ఊడదీయాలి. ముల్లు పూర్తిగా చల్లనివైపు ఉండాలి. ఇప్పుడు ఆ వైరు కొసను ఇంజిన్ లోహానికి ఒకట్రెండు సెకన్లు తాకించి తీసేయాలి. ముల్లు వేడివైపు కదలాలి. కదిలిందా... మీటరూ వైరూ బాగున్నట్టే. తప్పు సెండర్‌లోనో దాని ఎర్తులోనో ఉంది. కదల్లేదా... వైరో, మీటరుకొచ్చే కరెంటో, మీటరో చూసుకోవాలి. వైరు తీసేశాక కూడా ముల్లు వేడివైపే ఉందంటే ఆ వైరు దారిలో ఎక్కడో ఒరుసుకుపోయి బాడీకి తగులుతోందన్నమాట. వైరును ఎక్కువసేపు తాకించి ఉంచకూడదు. మీటరు లోపలి తీగ కాలిపోతుంది.

పెట్రోలు మీటరూ టెంపరేచర్ మీటరూ రెండూ ఒకేసారి ఎక్కువ చూపిస్తున్నాయా? అయితే సెండర్ జోలికి పోవాల్సిన పనిలేదు. 1960ల తర్వాతి అనేక బ్రిటిష్ తరహా కార్లలో ఈ రెండింటికీ కలిపి ఓ చిన్న వోల్టేజి స్టెబిలైజర్ ఉంటుంది. బ్యాటరీ కరెంటు ఎలా ఉన్నా మీటర్లకి సగటున 10 వోల్టులే అందేలా చూడటం దాని పని. అది పాడైనా, దాని ఎర్తు వదులైనా రెండు ముళ్లూ కలిసే దారి తప్పుతాయి.

ఎర్తు... అసలు దొంగ

పాతకార్లలో చాలా సమస్యలకు మూలం తుప్పే. సెండర్‌కు సాధారణంగా ఒకటే వైరు. కరెంటు తిరిగి వెళ్లాల్సింది దాని మరలు, ఇంజిన్ లోహం, ఇంజిన్‌నీ బాడీనీ కలిపే ఎర్తుపట్టీ ద్వారానే. నీళ్లు కారకుండా మరల చుట్టూ తెల్లటి టేపు మందంగా చుట్టేస్తే ఆ దారి మూసుకుపోతుంది. ఎర్తుపట్టీ తుప్పుపట్టినా అంతే. ముల్లు ఉన్న వేడికన్నా తక్కువ చూపిస్తుంది. పట్టీ విప్పి, తాకేచోట్ల ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది, తిరిగి బిగిస్తే సగం రోగాలు కుదురుతాయి. ఖర్చు దాదాపు సున్నా.

తర్వాతి వంతు సెండర్‌ది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ప్రీమియర్ పద్మిని అంతకు చాలా ముందే వెళ్లిపోయింది. అసలు విడిభాగాలు దొరక్క చాలామంది పాతసామాన్ల సంతల్ని ఆశ్రయిస్తారు. ధూల్‌పేట్ పక్కనే గురువారం గురువారం జరిగే జుమ్మెరాత్ బజార్ అలాంటిదే. పాత ఇనుము, పనిముట్లు, మీటర్లు... వెతికే ఓపిక ఉండాలేగానీ ఏమైనా దొరకొచ్చు. చిక్కేమిటంటే, మర సరిపోయినంత మాత్రాన సెండర్ సరిపోయినట్టు కాదు. వేరే మోడల్‌ది బిగిస్తే దాని లెక్క వేరు, మీ మీటరు లెక్క వేరు. ముల్లు తప్పు చూపిస్తుంది.

కొత్తగా తెచ్చిన సెండర్‌ని ఇంట్లోనే పరీక్షించొచ్చు. పాతగిన్నెలో నీళ్లుపోసి, సెండర్ కొసను ముంచి, పక్కనే వేడినీళ్లకు పనికొచ్చే థర్మామీటర్ పెట్టి మెల్లగా కాచాలి. మల్టీమీటరు ఒక తీగ సెండర్ కొనకు, రెండోది దాని లోహపు ఒంటికి. నీళ్లు వేడెక్కేకొద్దీ ఓమ్‌లు ఎక్కడా గెంతకుండా తగ్గుతూ రావాలి. అస్సలు మారకపోతే అది చెత్తబుట్టకే. అన్నట్టు, హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. ఇక్కడ నీళ్లు దాదాపు 98 డిగ్రీలకే మరుగుతాయి. థర్మామీటర్ వంద చూపించలేదని దాన్ని తిట్టుకోనక్కర్లేదు!

చల్లని అబద్ధం

ముల్లు ఎక్కువ చూపిస్తే మనిషి భయపడతాడు. బండి ఆపుతాడు. నష్టం తక్కువ. ప్రమాదమంతా తక్కువ చూపించే ముల్లుతోనే. నీళ్లు కారిపోయి సెండర్ కన్నా కిందికి వెళ్లాయనుకోండి. సెండర్ చుట్టూ మిగిలేది గాలి, ఆవిరి. అది నీళ్లంత బాగా వేడిని అందించదు. ఇంజిన్ కాలిపోతుంటే ముల్లు తాపీగా కిందికి దిగొచ్చు. 1910ల నాటి కార్లకు రేడియేటర్ మూతమీదే ‘బోయిస్ మోటోమీటర్’ అనే థర్మామీటర్ ఉండేది. అది కొలిచేదే నీళ్లపైని ఆవిరిని! వందేళ్లు దాటినా ఈ చిక్కు చిక్కుగానే ఉంది.

అందుకే ముల్లు చల్లగా ఉంది కదాని నిశ్చింతగా ఉండకూడదు. తీయటి కూలెంట్ వాసన, బానెట్ సందుల్లోంచి ఆవిరి, ఇంజిన్‌లో టకటకమనే చప్పుడు, లాగుడు తగ్గడం... వీటిలో ఏది కనిపించినా పక్కకు ఆపాల్సిందే. పట్టించుకోకపోతే హెడ్ గ్యాస్కెట్ కాలుతుంది, హెడ్డు వంకరపోతుంది, చివరికి ఇంజిన్ పట్టేస్తుంది. ఆపాక వేడిమీద రేడియేటర్ మూత తెరవకూడదు. ఒత్తిడిలో ఉన్న నీళ్లు ఒక్కసారిగా ఆవిరై ముఖంమీదికి చిమ్ముతాయి. కాలిన ఇంజిన్‌లో చన్నీళ్లు పోసినా ప్రమాదమే. బ్లాకు పగలొచ్చు.

ఒక్కోసారి తక్కువ చూపించే ముల్లు నిజమే చెబుతుంది. ‘మనది వేడి దేశం, ఇదెందుకు’ అంటూ కొందరు మెకానిక్‌లు థర్మోస్టాట్ వాల్వ్ తీసేస్తారు. దాంతో నీళ్లు ఎప్పుడూ రేడియేటర్‌లో తిరుగుతూనే ఉంటాయి. ఇంజిన్ ఎప్పటికిగానీ వేడెక్కదు. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అరుగుదలా పెరుగుతుంది. అప్పుడు మార్చాల్సింది మీటరును కాదు, తిరిగి పెట్టాల్సింది వాల్వును.

మీ ముల్లు భాష నేర్చుకోండి

చాలా పాత మీటర్ల మీద అంకెలే ఉండవు. ఓ చివర చల్లన, ఓ చివర వేడి. అంతే. కాబట్టి అంతా సరిచేశాక ఓ ఆదివారం ఉదయం ఇంజిన్‌ని పూర్తిగా వేడెక్కనిచ్చి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో థర్మోస్టాట్ మూత దగ్గర వేడి చూసి, ఆ సమయంలో ముల్లు ఎక్కడుందో పుస్తకంలో రాసుకోవాలి. 2020లో కొవిడ్ కోసం కొన్న నుదుటి థర్మామీటర్ దీనికి పనికిరాదు. అది మనిషి జ్వరానికే. కార్ఖానాల్లో వాడే రకం కావాలి. మెరిసే లోహంమీద అదీ తప్పు చూపిస్తుంది కనుక వేడికి తట్టుకునే నల్లరంగు కాస్త పూసి కొలవడం మేలు.

చౌమహల్లా ప్యాలెస్‌లోని నిజాం కాలపు రోల్స్‌రాయిస్‌ని చూసి వచ్చేస్తాం. దానికి ఎండలో పరుగుతీసే బాధ లేదు. ఇంటి ముందున్న నాన్నగారి అంబాసిడర్ సంగతి అది కాదు. పెళ్లికో, గుడికో, పండక్కో ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని బయల్దేరాల్సిందే. దాని ముల్లు మామూలుగా ఎక్కడ నిలుస్తుందో ఇంట్లో బండి నడిపే అందరికీ తెలియాలి. ఆ చోటు నుంచి అటు జరిగినా, ఇటు జరిగినా కారణం తెలిసేదాకా ప్రయాణం వాయిదా వేయడమే మంచిది.