శంషాబాదు నుండి రేణిగుంటకు ఎంత దూరము? ఎంత సేపు?

తిరుపతి యాత్రకు విమానమున పోవువారు నేడు పల్లెలలోను కలరు. వారిలో పలువురు మమ్ములనడుగు ప్రశ్న ఒక్కటే: "శంషాబాదులో ఎక్కిన గంటకు రేణిగుంటలో దిగవచ్చునట గదా, మేము ఇల్లు ఎప్పుడు వదలవలెను?" ప్రశ్న చిన్నదే గాని, దానికి సరియైన లెక్క తెలియక విమానమును, దానితోపాటు దర్శనపు వేళను పోగొట్టుకొన్నవారిని మేమెరుగుదుము.

ముందు దూరము సంగతి. హైదరాబాదు నుండి తిరుపతికి కర్నూలు, కడపల మీదుగా రోడ్డుదారి సుమారు 560 కిలోమీటర్లు. సికిందరాబాదు నుండి గుంటూరు, ఒంగోలు, నెల్లూరు మీదుగా పోవు రైలుదారి సుమారు 660 కిలోమీటర్లు. రెండు విమానాశ్రయముల నడుమ తిన్నగా గీత గీచినచో సుమారు 417 కిలోమీటర్లు మాత్రమే. ఆ గీత శ్రీశైలము చేరువను కృష్ణను, సోమశిల ప్రాంతమున పెన్నను దాటిపోవును. బస్సు కొండలను తప్పించుకొని పోవలెను, రైలు కోస్తాను పట్టుకొని పోవలెను. విమానమునకు ఆ బెడద లేదు. విమానము నడుపువారు ఈ దూరమునే 225 నాటికల్ మైళ్లందురు. అది మన పాత మైలు కాదు. ఒక్కొక్కటి 1,852 మీటర్లు.

ఇక కాలము. జెట్ విమానము పైకెగసి నిలకడగా పోవునపుడు గంటకు సుమారు 800 కిలోమీటర్ల వేగమందుకొనును. ఆ లెక్కన 417 కిలోమీటర్లకు అరగంట చాలును. మరి టిక్కెట్టుపై గంటకు పైబడి యేల వేయుదురు? టిక్కెట్టుపై నున్నది కేవలము గాలిలో గడుపు కాలము కాదు. విమానము నిలిచిన చోటు నుండి కదలుట మొదలు, గమ్యమున ఆగువరకు పట్టు కాలమది. రన్‌వే కొనవరకు మెల్లగా పోవలెను. ముందున్న విమానములు లేచువరకు వేచియుండవలెను. లేచుటయు దిగుటయు వీలైనంతవరకు గాలికెదురుగా జరుగవలెను గనుక, ఒక్కొక్కప్పుడు చుట్టు తిరిగి రావలసియుండును.

అన్నిటికన్న ముఖ్యమైనది మరియొకటి. ముప్పది వేల అడుగుల ఎత్తున పోవు జెట్ విమానము, గమ్యము ఇంకను 160, 170 కిలోమీటర్లుండగనే దిగుట ప్రారంభించును. అంత ఎత్తునకు ఎక్కుటకును చాల దారి పట్టును. ఈ రెండును పోగా పూర్తి వేగమున సాగు దారి కొద్దిగనే మిగులును. కనుకనే గంటకు 500 కిలోమీటర్లు పోవు ఏ.టి.ఆర్. అను పంకల విమానము, ఇట్టి దగ్గరి దారులలో జెట్టుకు అంతగా వెనుకబడదు.

అసలు చిక్కు నేలమీదనే కలదు. విమానము బయలుదేరుటకు రెండు గంటల ముందు చేరుకొనుడని విమాన సంస్థలు చెప్పును. సామాను తీసికొను కౌంటరును సాధారణముగా గంట ముందే మూసివేయుదురు. మా యెరుకలోని ఒక పెద్దాయన బస్సు అలవాటు చొప్పున నలుబది నిమిషముల ముందు వచ్చెను. విమానము కన్నుల యెదుటనే యున్నది, ఎక్కనీయలేదు. పాపము, ఆయన తప్పేమి? ఈ నియమమును ఎవరును ముందు చెప్పలేదు.

జడ్చర్ల వాసి లెక్క చూడుడు. శంషాబాదునకు గంట, అచ్చట రెండు గంటలు, ప్రయాణము గంటంబావు, సామాను అందుకొనుటకు అరగంట, తిరుపతి ఊరిలోనికి ముప్పావుగంట: మొత్తము అయిదున్నర గంటలు. బస్సునకు తొమ్మిది గంటల వరకు పట్టును గనుక ఇచ్చట విమానము మేలే. కర్నూలు వాసి మాటయో? శంషాబాదు అతనికి వెనుకవైపున సుమారు 190 కిలోమీటర్లు. అచ్చటికే మూడున్నర గంటలు. తక్కినవి కలుపగా ఎనిమిది గంటలగును. నేరుగా తిరుపతికి బస్సుదారి సుమారు 350 కిలోమీటర్లు, ఏడు గంటలు. అతడు బస్సెక్కుటయే లాభము. కొండపైకి పోవుటకు మరియొక గంటను ఇద్దరును వేసికొనవలెను.