రంగుల గిన్నె వేరు, అన్నం గిన్నె వేరు

బొమ్మ గీయడం, గుడ్డకు రంగు అద్దడం, కొయ్య చెక్కడం మనసుకు హాయినిచ్చే పనులు. నాలుగు డబ్బులు తెచ్చిపెట్టే పనులు కూడా. వీటివల్ల జబ్బులు వస్తాయంటే చాలామంది నమ్మరు. “ఇంట్లో కూర్చుని చేసుకునే పనికి ఇంత భయమెందుకు?” అంటారు. నిజానికి భయపడవలసిన పని లేదు. తెలుసుకోవలసిన సంగతులు మాత్రం కొన్ని ఉన్నాయి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ పని చేసేవారు వాటిని తప్పకుండా తెలుసుకోవాలి.

తిరుపతి జిల్లాలో తడ దగ్గర శ్రీ సిటీ అనే పెద్ద పారిశ్రామిక నగరం ఉంది. అలాంటి చోట కర్మాగారాల్లో రంగులు, రసాయనాలు వాడితే కార్మికుల రక్షణకు చట్టం ఉంటుంది. చెడుగాలిని బయటకు లాగే యంత్రాలు, చేతితొడుగులు, ముక్కుకు మాస్కులు ఉండాలి. పనిచేసే చోట అన్నం తినకూడదు. ఇవన్నీ సరిగా ఉన్నాయో లేదో చూడడానికి అధికారులు వస్తారు. అక్కడి నుంచి శ్రీకాళహస్తి రోడ్డు పట్టుకుని పోతే దారి పొడుగునా ఊళ్ళున్నాయి. ఆ ఊళ్ళలో ఒక ఇంటి వసారాలో గుడ్డకు రంగు వేసే ఇల్లాలికి ఏ అధికారీ వచ్చి జాగ్రత్తలు చెప్పడు. అక్కడ యజమాని ఆమే, కార్మికురాలు ఆమే, తనిఖీ అధికారి కూడా ఆమే కావాలి.

వస్తువు మారింది, అలవాటు మారలేదు

శ్రీకాళహస్తి కలంకారీ గురించి తెలియని తెలుగువారు ఉండరు. 1950ల చివరలో కమలాదేవి చటోపాధ్యాయ గారి చొరవతో అక్కడ శిక్షణ కేంద్రం ఏర్పడి, అడుగంటిపోతున్న ఆ విద్యకు మళ్ళీ ప్రాణం వచ్చింది. ఆ పాత పద్ధతిలో వాడే సరుకులు ఒకసారి చూడండి. గుడ్డను కరక్కాయ రసం, గేదెపాలు కలిపి అందులో నానబెడతారు. చింతబరికెలు కాల్చిన బొగ్గుతో గీతలు గీస్తారు. పాత ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి కొన్ని వారాలు పులియబెడితే నల్లరంగునిచ్చే ‘కసిమి’ తయారవుతుంది. ఎరుపు రంగు పట్టడానికి పటిక వాడతారు. పసుపుపచ్చకు దానిమ్మ తొక్క కూడా పనికివస్తుంది.

ఇందులో సగం సరుకు వంటింటిదే. అందుకే ఈ పని పొయ్యి పక్కనే పెరిగింది. వంట గిన్నెలోనే రంగు కాచినా, చేతులు కడగకుండా ఒక ముద్ద తిన్నా పెద్ద ప్రమాదం కనిపించేది కాదు.

తర్వాత బజారులో రంగు పొట్లాలు వచ్చాయి. పని త్వరగా అవుతుంది, ఖర్చు తగ్గుతుంది కాబట్టి అద్దకం పనిలో నాఫ్తాల్ రంగులు, రియాక్టివ్ రంగులు, వాటితోపాటు కాస్టిక్ సోడా, హైడ్రోస్ వంటివి ఇళ్ళలోకి చేరాయి. పాత పద్ధతినే నమ్ముకున్న కళాకారులు ఇప్పటికీ ఉన్నారు. రెండూ కలిపి వాడేవారూ ఉన్నారు. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, వస్తువు మారినా అలవాటు మారలేదు. అదే గిన్నె, అదే గరిటె, అదే వంటిల్లు! ప్రమాదానికి మూలం ఇదే.

విషం ఒంట్లోకి ఎలా చేరుతుంది?

మూడు దారులున్నాయి: నోరు, ముక్కు, చర్మం.

నోటి దారి అన్నిటికంటే తేలికైనది. కుంచె మొన సన్నగా రావడానికి పెదవుల మధ్య పెట్టి తడిపే అలవాటు కొందరికి ఉంటుంది. అమెరికాలో 1917 ప్రాంతంలో గడియారాల అంకెలకు చీకట్లో మెరిసే రేడియం రంగు వేసే అమ్మాయిలకు ఇలాగే కుంచె నోట్లో పెట్టుకోమని నేర్పారు. కొన్నేళ్ళకు వారి దవడ ఎముకలు కుళ్ళిపోయాయి, ఎందరో చనిపోయారు. మన రంగుల్లో రేడియం ఉండదు. కాని పాఠం ఒక్కటే: కుంచె నోట్లో పెట్టకూడదు. రంగు చేతులతో బీడీ కాల్చడం, ఆకువక్క వేసుకోవడం, టీ తాగడం కూడా ఈ కోవలోవే.

ముక్కు దారిలో పొడులు, ఆవిర్లు వెళతాయి. రియాక్టివ్ రంగుల పొడి కొందరికి పడదు. మొదట తుమ్ములు, ముక్కు కారడం, తర్వాత ఆయాసం మొదలవుతాయి. ఒకసారి ఇలా పడకుండాపోతే ఆ తర్వాత చిటికెడు పొడి పీల్చినా ఉబ్బసం తిరగబెట్టవచ్చు. హైడ్రోస్ నుంచి వచ్చే గంధకపు ఘాటు కూడా ఉబ్బసం ఉన్నవారికి మంచిది కాదు. తైలవర్ణ చిత్రాలకు వాడే టర్పెంటైన్, థిన్నర్ ఆవిర్లు తలనొప్పి, తలతిరుగుడు, వికారం తెస్తాయి. తలుపులు మూసిన గదిలో ఏళ్ళ తరబడి పీలిస్తే నరాలు దెబ్బతింటాయి.

శ్రీకాళహస్తి సమీపంలోని మాధవమాల వంటి ఊళ్ళలో కొయ్యబొమ్మలు చెక్కేవారికి మరో ముప్పు కొయ్యపొడి. ఉలితో చెక్కేటప్పుడు కంటే, చివర గరుకు కాగితంతో నునుపు చేసేటప్పుడు వచ్చే సన్నని పొడి ఎక్కువ చెడ్డది. కొయ్యపొడిని ఏళ్ళ తరబడి పీలిస్తే ముక్కులో కాన్సరు రావచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన విభాగం తేల్చింది.

చర్మం దారి చివరిది. కాస్టిక్ సోడా చర్మాన్ని కాలుస్తుంది. ఈమధ్య ఆడపిల్లలు ఇంట్లో సరదాగా చేస్తున్న రెజిన్ నగలు, పళ్ళేల పనిలో ఆ జిగురు చేతికి తగిలి దురద, దద్దుర్లు రావడం మామూలే. కొన్ని ఎజో రంగులు ఒంట్లో విచ్ఛిన్నమై బెంజిడిన్ అనే పదార్థాన్ని ఇస్తాయి. అది మూత్రాశయంలో కాన్సరు తెస్తుంది కాబట్టే మన దేశంలో 1990లలో అటువంటి రంగులను నిషేధించారు. పేరు లేని విడి పొట్లం కొంటే అందులో ఏముందో మీకు తెలిసే మార్గం లేదు.

పాతకాలపువన్నీ మంచివేనా?

‘సహజం’ అన్న మాట విని మోసపోకండి. మన పాత చిత్రకారులు వాడిన ఇంగిలీకంలో పాదరసం ఉంది. హరిదళంలో ఆర్సెనిక్ ఉంది. ఎర్ర సింధూరం, పాతకాలపు సఫేదా సీసంతో చేసినవి. మైలుతుత్తం రాగి లవణం; మింగితే వాంతులు, విరేచనాలతో ప్రాణం మీదికి వస్తుంది. కసిమి ఉన్న కుండను కూడా మంచినీళ్ళ కుండ పక్కన పెట్టకూడదు. దాహంతో వచ్చిన పిల్లవాడికి రెండిటికీ తేడా ఏం తెలుస్తుంది?

పిల్లలకు సీసం శత్రువు

రంగుల్లో ఉండే విషాలలో పిల్లలకు అన్నిటికంటే చెడ్డది సీసం. పెద్దవాళ్ళకంటే పిల్లల పేగులు దాన్ని నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటాయి. ఇంత వరకు ఉంటే ప్రమాదం లేదు అని చెప్పగలిగిన పరిమాణం ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మొదట ఏ బాధా కనిపించదు. తర్వాత ఆకలి మందగించడం, కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత వస్తాయి. పిల్లవాడు చిరచిరలాడుతుంటాడు, చదువులో వెనకబడతాడు. తల్లిదండ్రులు “వీడికి బుద్ధి లేదు” అని కొడతారే కాని, నేలమీద పడిన రంగు పొడి చేతికంటి నోట్లోకి పోతున్నదని ఊహించరు.

గర్భిణులు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఒంట్లో చేరిన సీసం ఎముకల్లో ఏళ్ళ తరబడి నిలవ ఉండి, కడుపుతో ఉన్నప్పుడు రక్తంలోకి వచ్చి బిడ్డకు చేరుతుంది.

ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదని మన దేశంలో 2016లో నిబంధన చేశారు. అది 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన తలుపుల, కిటికీల రంగులో సీసం ఉండవచ్చు. పాత తలుపు మీద కొత్త బొమ్మ వేయాలన్న ఉత్సాహంతో దాన్ని పొడిగా గీకకండి.

పాటించవలసిన జాగ్రత్తలు

గిన్నెలు, గరిటెలు, కొలత గ్లాసులు రంగుల పనికి వేరుగా పెట్టుకోండి. వాటికి గుర్తు వేసి, వంటింట్లోకి రానీయకండి. ఒకసారి రసాయనపు రంగు కాచిన గిన్నెను ఎంత తోమినా మళ్ళీ వంటకు వాడవద్దు.

కూల్‌డ్రింకు సీసాలో టర్పెంటైన్ గాని, థిన్నర్ గాని పోయకండి. పిల్లలు విషం తాగే సందర్భాలలో ఇది చాలా తరచుగా జరిగేది. కొన్న డబ్బాలోనే ఉంచి, పేరు కనబడేలా పెట్టి, తాళం వేయండి.

పొడి రంగు కలిపేటప్పుడు సీలింగ్ ఫ్యాను ఆపండి. కింద తడి కాగితం పరచండి. పని ముగిశాక చీపురుతో ఊడిస్తే పొడి గాలిలోకి లేస్తుంది, తడిగుడ్డతో తుడవాలి. పొడికి ఎన్-95 మాస్కు పనికివస్తుంది. థిన్నర్ ఆవిరిని అది ఆపలేదు. దానికి కిటికీ తెరిచి, గాలి బయటకు పోయేలా టేబుల్ ఫ్యాను పెట్టుకోవాలి, లేదా ఆరుబయట పనిచేయాలి.

కాస్టిక్ సోడాను చన్నీళ్ళలో కొద్దికొద్దిగా వేయాలి. సోడా మీద నీళ్ళు పోస్తే కాగి పైకి చిమ్ముతుంది. అల్యూమినియం గిన్నెలో అసలు కలపకూడదు. కళ్ళద్దాలు, రబ్బరు తొడుగులు లేకుండా దాన్ని ముట్టవద్దు. హైడ్రోస్‌కు తడి తగిలితే వేడెక్కి మంట లేస్తుంది. పొడి చోట మూతపెట్టి ఉంచండి. అవిసె నూనె అంటిన గుడ్డలను ఉండచుట్టి మూలకు విసిరితే వాటంతట అవే అంటుకోవచ్చు. వాటిని విప్పి ఆరుబయట ఆరవేయండి.

పనిచేసేటప్పుడు వేసుకున్న బట్టలతో పసిబిడ్డను ఎత్తుకోకండి. ఆ బట్టలు విడిగా ఉతకండి.

కొన్ని సందేహాలు

పాలు తాగితే విషం విరిగిపోతుందా? విరగదు. పాలు మంచి ఆహారమే కాని విరుగుడు మందు కాదు. అయితే ఒంట్లో ఇనుము, కాల్షియం తగినంత ఉంటే పేగులు సీసాన్ని తక్కువగా పీల్చుకుంటాయి. కాబట్టి రాగిసంగటి, ఆకుకూరలు, పాలు, పెరుగు పిల్లలకు బాగా పెట్టండి. ఖాళీ కడుపుతో ఉంచకండి.

బెల్లం తింటే దుమ్ము దిగిపోతుందా? దుమ్ము పోయేది ఊపిరితిత్తుల్లోకి, బెల్లం పోయేది కడుపులోకి. రెండూ కలుసుకోవు.

డబ్బా మీద ‘నాన్ టాక్సిక్’ అని ఉంటే చాలునా? మామూలుగా వాడితే హాని లేదని దాని అర్థం. తినవచ్చుననీ, పిచికారీ కొట్టి పీల్చవచ్చుననీ కాదు.

ప్రమాదం జరిగితే

కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టుకుని ధారగా మంచినీళ్ళతో కనీసం పదిహేను, ఇరవై నిమిషాలు కడగాలి. తర్వాతే డాక్టరు దగ్గరకు బయలుదేరాలి. చర్మం మీద పడితే బట్టలు తీసేసి అలాగే కడగాలి.

టర్పెంటైన్, థిన్నర్, కాస్టిక్ సోడా మింగితే వాంతి చేయించకండి. ఉప్పునీళ్ళు తాగించడం, గొంతులో వేలు పెట్టడం పెద్ద పొరపాటు. టర్పెంటైన్ వాంతిలో ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. కాస్టిక్ సోడా గొంతును రెండోసారి కాలుస్తుంది. 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి తీసుకుపోండి. మింగిన సరుకు డబ్బాను గాని, పొట్లాన్ని గాని వెంట తీసుకుపోవడం మరచిపోకండి. డాక్టరుకు అది సగం రోగ నిర్ణయం చేసిపెడుతుంది.

ఏ ప్రమాదమూ జరగకపోయినా, మీకు తరచుగా ఆయాసం, తలనొప్పి, కడుపునొప్పి వస్తుంటే డాక్టరుతో “నేను ఇంట్లో రంగుల పని చేస్తాను” అని మీరే చెప్పండి. ఆయన అడగకపోవచ్చు. పిల్లవాడి విషయంలో అనుమానముంటే రక్తంలో సీసం పరీక్ష చేయించమని అడగండి.

ఈ జాగ్రత్తలన్నిటికీ కావలసింది రెండు వేరు గిన్నెలు, ఒక జత చేతితొడుగులు, ఒక తాళం పెట్టె, తెరిచి ఉంచిన కిటికీ. ఇంటిల్లిపాదినీ పోషిస్తున్న ఈ కళను మానుకోమని ఎవరూ అనరు. దాన్ని వంటింటి గడప అవతల ఉంచమనే చెబుతున్నాం.