సూది వేశాక అరగంట

2021 జనవరి 16. ఆ రోజు దేశమంతటా కరోనా టీకా మొదలైంది. ముందుగా ఎవరికి వేశారు? ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్ళకు వేశారు. డాక్టర్లు, నర్సులు, ఆయాలు, ఊడ్చి తుడిచేవాళ్ళు అందరూ అందులో ఉన్నారు. హైదరాబాదు గాంధీ ఆస్పత్రిలో, విజయవాడ ప్రభుత్వ ఆస్పత్రిలో మొదటి సూది వేయించుకున్నది పారిశుద్ధ్య పని చేసే ఆడవాళ్ళే.

రోగుల పక్కన రోజంతా ఉండేది వాళ్ళే. అందుకే వాళ్ళకు ముందు వేశారు. అయినా చాలామందికి లోపల భయం. కొత్త మందు కదా, ఏమవుతుందో ఏమో!

సూది వేశాక వెంటనే పంపలేదు. అరగంట కూర్చోబెట్టారు. ఎందుకు? ఏ మందైనా కొందరి ఒంటికి పడదు. ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి. ముఖం వాస్తుంది. ఊపిరి ఆడదు. ఇది చాలా అరుదు. వస్తే మాత్రం ఎక్కువగా ఆ అరగంటలోనే వస్తుంది. దానికి విరుగుడు అడ్రినలిన్ సూది. అది అక్కడ సిద్ధంగా ఉంటుంది. వెంటనే వేస్తే ప్రాణం నిలుస్తుంది. ఇంటికి వెళ్ళే దారిలో వస్తే ఎవరు వేస్తారు?

మర్నాడు చాలామందికి చెయ్యి నొప్పి పెట్టింది. జ్వరం, ఒళ్ళునొప్పులు వచ్చాయి. దీనికి భయపడక్కర్లేదు. రోగంతో పోరాడటం ఒళ్ళు నేర్చుకుంటోందన్నమాట. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది.

కొందరు ఆడవాళ్ళు బాధ ఉన్నా చెప్పరు. చెబితే పనికి రావద్దంటారని, రోజుకూలి పోతుందని భయం. "సూదికే ఇంత గోలా?" అని నవ్వుతారని సిగ్గు. కానీ చెప్పని బాధ లెక్కలోకి రాదు. లెక్కలోకి రానిదాన్ని ఎవరూ పరీక్షించరు.

చెబితే ఏం జరుగుతుంది? నర్సు రాసుకుంటుంది. ఆస్పత్రిలో చేరాల్సినంత పెద్ద బాధైతే, జిల్లా టీకాల అధికారికి ఒక రోజు లోపల కబురు వెళ్ళాలి. తరువాత డాక్టర్ల కమిటీ కాగితాలన్నీ చూస్తుంది. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకి వల్లే పడిందా, పండి పడిందా? సూది తరువాత వచ్చిన జబ్బు కూడా అంతే. అది సూది వల్ల వచ్చిందా, ముందునుంచీ ఉన్నదా అని కమిటీ తేలుస్తుంది.

2021 మార్చిలో యూరప్‌లో ఒక సంగతి బయటపడింది. మన దగ్గర కోవిషీల్డ్ పేరుతో వేసిన టీకా వల్ల, అక్కడ కొద్దిమందికి రక్తం గడ్డకట్టింది. మన దేశంలోనూ కమిటీ 498 పెద్ద కేసులు పరిశీలించింది. అందులో 26 కేసులు రక్తం గడ్డకట్టినవి కావచ్చని తేలింది. అంటే పది లక్షల సూదులకు ఒకటి కూడా లేదు. అయినా ఊరుకోలేదు. మే నెలలో అందరికీ హెచ్చరిక చెప్పారు. సూది వేసిన 20 రోజుల్లోపు ఛాతీనొప్పి, ఆయాసం, కాలు వాపు, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం కనిపిస్తే ఆస్పత్రికి రమ్మన్నారు.

బాధ పడినవాళ్ళ సంగతి రాసిపెట్టబట్టే ఆ హెచ్చరిక వచ్చింది. ఒకరు నోరు విప్పి చెబితే, ముక్కూ ముఖం తెలియని మరొకరికి మేలు జరుగుతుంది.

పసిపిల్లల టీకాలకూ ఇదే పద్ధతి. "అరగంట ఉండమ్మా" అని నర్సమ్మ అనేది అందుకే.

గుర్తుంచుకోండి:

సూది వేశాక అరగంట అక్కడే ఉండాలి.

కొద్దిపాటి జ్వరానికి, నొప్పికి భయపడకూడదు.

ఊపిరాడకపోయినా, ఒళ్ళు వాచినా, ఫిట్స్ వచ్చినా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

టీకా కార్డు జాగ్రత్తగా దాచుకోవాలి.

ఏ బాధ వచ్చినా చెప్పాలి. రాసుకున్నారో లేదో అడగాలి.