ఓరుగంటి వీథులలో: క్రీడాభిరామము చేతబట్టి ఒక నడక

దశరూపకములలో వీథి యొకటి. ఒకే అంకము, ఒకటి రెండు పాత్రలు, పదుమూడు వీథ్యంగములు గలది వీథి యని లాక్షణికులు చెప్పిరి. లోకవ్యవహారమున వీథి యనగా జనులు నడచు త్రోవ. తెలుగున ఈ రెండర్థములును కలసివచ్చిన గ్రంథము క్రీడాభిరామము. గోవిందమంచనశర్మ యను బ్రాహ్మణుడును, టిట్టిభసెట్టి యను అతని చెలికాడును ఒక్క దినమున ఓరుగల్లంతయు తిరిగి చూచినది చెప్పుకొనుటయే అందలి కథ. మధ్యయుగపు ఆంధ్రనగరము నొకదానిని వీథివెంట వీథిగా నడచి చూపిన రచన మనకు ఇంతకు మించినది లేదు.

ఇతర భారతీయభాషల పండితులు ఓరుగల్లు చూడ వచ్చినపుడు ఎచ్చట మొదలిడవలెనని అడుగుట కలదు. ఆ గ్రంథమును చేత బట్టుకొని నడువవలెనని నా సమాధానము. అయితే దానిని ఎంతవరకు సాక్షిగా గైకొనవచ్చునో అడుగడుగునకు పరీక్షించుకొనుచు నడువవలెను. ఏలయన, ఈ సాక్షి చిక్కులు గల సాక్షి. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామము దీనికి మూలము. ఆ మూలము నేడు లభించుట లేదు. త్రిపురాంతకుడు ప్రతాపరుద్రుని కాలమువాడని పలువురి అభిప్రాయము. తెలుగు గ్రంథము కాకతీయరాజ్యము పడిపోయిన పిమ్మట పుట్టినది. ప్రస్తావన వినుకొండ వల్లభరాయని కర్తగా పేర్కొనుచుండగా, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ఇది శ్రీనాథుని కృతియని వాదించిరి. ఆ వాదమును ఇచ్చట తిరుగదోడను. కర్త యెవరైనను, మంచనశర్మ చూచిన ఓరుగల్లు ఏనాటిదను ప్రశ్న మిగిలియే యుండును. 1323కు ముందటి రాజధానియా? మూలమునుండి దిగివచ్చిన జ్ఞాపకమా? లేక తెలుగు కవి తన కాలమున ఎరిగిన పట్టణమా?

ఇట్టి రచన మన దేశమున ఒంటరిది కాదు. సంస్కృతమున చతుర్భాణిలోని విటులు ఉజ్జయినీ కుసుమపురముల వీథులలో నడచుచు ఎదురైనవారిని పలుకరింతురు. తమిళమున శిలప్పదికారపు కోవలుడు మధురను చుట్టి చూచును. విద్యాపతి కీర్తిలతలో రాజకుమారులు జౌన్‌పూరు అంగడులలో త్రోవ చేసికొని పోవుదురు. ఇందొక చిత్రమైన సంగతి కలదు. 1909లో క్రీడాభిరామమును అచ్చువేసిన మానవల్లి రామకృష్ణకవిగారే 1922లో మరియొక పండితునితో కలసి చతుర్భాణిని లోకమునకు తెచ్చిరి. ఒకే జాతికి చెందిన రెండు గ్రంథములు ఒకే చేతిమీదుగా వెలికి వచ్చుట యాదృచ్ఛికమే కావచ్చును గాని, ఆయన చూపు ఎటు తిరిగియుండెనో దాని వలన తెలియుచున్నది.

ఇక నడక. మొదట హనుమకొండకు పోవలెను. అది కాకతీయుల పాత రాజధాని. వేయిస్తంభముల గుడిలోని రుద్రదేవుని శాసనము శకవర్షము 1084 నాటిది, అనగా క్రీ.శ. 1163. శివ, కేశవ, సూర్యులకు మూడు గర్భాలయములు గల త్రికూటమది. స్తంభములను లెక్కపెట్టుచు కాలము వృథా చేయరాదు. శాసనము నెదుట నిలిచి అక్షరములను చూచుట మేలు. దక్షిణపు మండపమును విప్పి, మరల కూర్చి, 2024లో తెరచిరి. ఇంతకంటె ఇచ్చట నిలువవలసిన పని మనకు లేదు. మన ప్రస్తుత విషయము గణపతిదేవుని (1199-1262) కాలమునుండి పెరిగిన కొత్త రాజధాని. అది ఆగ్నేయదిశగా కొన్ని కిలోమీటర్ల దూరమున నున్నది.

ఓరుగంటి కోట వలయములుగా నున్నది. నడుమ సుమారు 1.2 కిలోమీటర్ల వ్యాసము గల రాతికోట. దాని చుట్టును ఇంచుమించు అంతకు రెట్టింపు వ్యాసముతో మట్టికోట. వీనికి వెలుపల హనుమకొండను గూడ కలుపుకొను మరియొక మట్టికట్ట. నేడు బండ్లమీద వచ్చువారు మట్టికోటను గమనింపక దాటిపోవుదురు. అది చెట్లు పొదలు మొలచిన గట్టువలె కనబడును. ఇచ్చట దిగి నడువవలెను. ఢిల్లీ ఆస్థానకవి అమీర్ ఖుస్రో తన పారసీక గ్రంథము ఖజాయినుల్ ఫుతూహ్‌లో 1310 నాటి మాలిక్ కాఫూర్ ముట్టడిని వర్ణించుచు, ఈ మట్టిగోడ ఇనుప మొనలకు గూడ లొంగనంత గట్టిదని చెప్పెను. అతిశయోక్తిని తీసివేసినను ఒక నిజము మిగులును: ముట్టడించువానికి మొదటి అడ్డు రాయి కాదు, మట్టి. మన ఇరువురు మిత్రులు నగరమును సమీపించినప్పటి వర్ణనమును ఈ పారసీక వర్ణనము ప్రక్కన పెట్టి చదివినచో, ఒకే గోడను చంపవచ్చినవాడు ఒకవిధముగను, వినోదమునకు వచ్చినవాడు వేరొకవిధముగను చూచుట స్పష్టమగును. ఈ రెండు పాఠములను జతచేసి బోధించు అలవాటు మన తరగతులలో ఇంకను రావలసియున్నది.

తరువాతిది కందకము, దాని వెనుక రాతిగోడ. పెద్ద పెద్ద నల్లరాతి దిమ్మెలను సున్నము లేకయే ఒకదానిపై నొకటి పొందికగా పేర్చిరి. వెలుపలినుండి చూచువారికి అది నిట్టనిలువు గోడ. లోపలినుండి చూచినచో మట్టిదిబ్బకు ఆనియున్న మెట్ల వరుస. ఎచ్చటనుండియైనను కాపువాండ్రు పైకి పరుగెత్తుటకు ఆ మెట్లు గోడ పొడవునను సాగినవి. ఏకామ్రనాథుని ప్రతాపచరిత్రము ఈ కోటకు 77 బురుజులుండెననియు, ఒక్కొక్కదానిని ఒక్కొక్క నాయకుడు కాచెననియు చెప్పును. పాఠ్యపుస్తకములలోనికి ఎక్కిన ఆ సంఖ్యను పలువురు శంకింపరు. కోట చుట్టును కొలతలు తీసిన వాస్తుచరిత్రకారులు లెక్కించిన బురుజులు 45. ఏకామ్రనాథుడు అబద్ధమాడెనని నేననను. పదునారవ శతాబ్దమున నాయకకులములవారు తమ పూర్వికులను ఆ గోడమీద నిలుపుకొనదలచిరి. ఆ సంఖ్య చెప్పునది ఆ కోరికనే. కోటకు దానితో సంబంధము తక్కువ. గ్రంథమును నేలమీద పెట్టి చూచుట వలన కలుగు లాభమునకు ఇది మంచి ఉదాహరణము.

నాలుగు దిక్కుల నాలుగు వాకిళ్లున్నవి. ఏ వాకిటిలోనికి పోయినను త్రోవ నేరుగా సాగదు. లోనికి వచ్చినవాడు ఒకమారు తిరిగి, ఆవరణముతో కూడిన ఇరుకులో మరల తిరిగి గాని నగరము చూడజాలడు. శత్రువుల ఏనుగుల వేగమును విరుచుటకు ఇది పన్నిన ఉపాయము. ఈ మలుపులో కొంతసేపు నిలువుడు. క్రీడాభిరామమున మిత్రులు ఏ త్రోవను పోవలెనని ఆలోచించి, రాజమార్గము ఏనుగులతో, గుఱ్ఱములతో, బండ్లతో, భటులతో క్రిక్కిరిసి యున్నదని దానిని విడిచి వేరు వాడను పట్టుదురు. గదిలో కూర్చుండి చదువునపుడు ఇది కావ్యములలోని మామూలు పురవర్ణనముగా తోచును. ఈ మలుపున నిలిచినపుడు అది ఊరివాని మాటగా వినబడును. ఏనుగొకటి, బండియొకటి ఎదురుపడినచో ఇచ్చట త్రోవ మూసికొనిపోవుట ఖాయము. దీని వలన కవి ఓరుగల్లును చూచెనని రుజువు కాదు. చూచినవాడెవడో ఒకడు ఆ పాఠపరంపరలో ఉన్నాడనుటకు మాత్రము ఇది కొంత ఆధారము.

అచ్చటినుండి వీథి కోట నడుమకు చేరును. నాలుగు దిక్కుల నాలుగు శిలాతోరణములు ఒకే తీరున నిలిచియున్నవి. 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రచిహ్నమున ఈ తోరణము చేరినది. కాబట్టి చూడకమునుపే అందరు దానిని ఎరుగుదురు. ఎరిగినది చూచుట కష్టము. బొమ్మలో తోరణము ఒక్కటిగా నుండును. ఇచ్చట నాలుగింటి నడుమ నున్న శూన్యమే ముఖ్యమైనది. ఆ శూన్యమున స్వయంభూశివుని ఆలయముండెను. 1323లో ఉలుగ్ ఖాను, అనగా తరువాతి మహమ్మద్ బిన్ తుగ్లకు, కోటను పట్టిన పిదప ఆ ఆలయము కూలినది. ప్రతాపరుద్రుడు బందీయై ఢిల్లీకి పోవు త్రోవలో నర్మదాతీరమున మరణించెను. నేలమీద పరచియున్న కంబములు, పద్మములు చెక్కిన పైకప్పు ఫలకములు, నందులు ఆ గుడివి. తోరణములపై దేవతామూర్తులు లేవు. లతలు, మొగ్గలు, పక్షులు, మకరములు మాత్రమున్నవి. అందువలననే అవి మిగిలినవని దారి చూపువారు చెప్పుదురు. వినుటకు బాగున్నను, కూలగొట్టినవారి మనస్సును అంత సులభముగా చెప్పలేము. నగరమధ్యమును గుర్తింపజేయు ద్వారములుగా కొత్త ఏలికలకు గూడ అవి పనికివచ్చియుండవచ్చును.

ఈ తలంపునకు బలమిచ్చునది పడమట కనబడు ఖుష్ మహల్. గోడలు క్రిందినుండి పైకి వాలుగా నున్నవి. లోపల వెడల్పైన కమానులు వరుసగా పైకప్పును మోయుచున్నవి. జనులు దీనిని షితాబ్ ఖాను కట్టించెనందురు. వాస్తుపద్ధతి తుగ్లకుల కాలమును సూచించుచున్నదని నేటి పండితుల నిర్ణయము; అదియే సరియని నాకును తోచుచున్నది. షితాబ్ ఖాను, అనగా సీతాపతి, పదునారవ శతాబ్దారంభమున ఓరుగంటిని ఏలినవాడు. చెదరిన దేవతామూర్తులను మరల నిలిపినట్లు అతని 1504 నాటి సంస్కృతశాసనము చెప్పును. కట్టించినవాడు కాకపోయినను, కట్టడము అతని పేరనే జనుల నోట మిగిలినది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మరలుదము. తోరణముల నడుమ నిలిచి క్రీడాభిరామమును తెరచినచో వింతయైన భావము కలుగును. గ్రంథమున ఓరుగల్లు చెక్కుచెదరక యున్నది. ప్రతాపరుద్రుని గోష్ఠిలో పేరుగాంచిన మాచల్దేవి చిత్రశాలలో పురాణములలోని శృంగారగాథలు గోడలమీద వ్రాసియున్నవి. పూటకూటి యింట రూక యిచ్చినవానికి కమ్మని భోజనము దొరకును. ఏకవీర గుడికడ పాటలు, మైలారుభటుల సాహసములు, పలనాటి వీరుల కథాగానము, కోడిపందెములు, పొట్టేళ్ల పోరులు. ఇందు ఒక్క యింటి పునాదియు నేడు చూపలేము. ఆ యిండ్లు మట్టితో, కలపతో కట్టినవి. రాజులు రాతితో కట్టినవి నిలిచినవి. నేలమీద కోటయు గుడియు మిగిలినవి. గ్రంథమున అంగడియు వంటయు పాటయు మిగిలినవి. ఒకదానిలోని లోటును రెండవది పూరించునని చెప్పుట సులభమే గాని, ఈ రెండును ఒకే కాలపు నగరమునకు చెందినవా యనుట తేలవలసియున్నది.

నా ఊహ యిది. మాచల్దేవి, రాజమార్గము, కోట వీనితో కూడిన నగరపు ఆకారము మూలమునుండి వచ్చినది. ప్రతాపరుద్రుని పేరు దానికి గుర్తు. వీథిలోని జీవితము, ముఖ్యముగా గాయకుల పాటలు, పందెములు, జాతరలు, తెలుగు కవి తన కండ్లతో చూచినవి కావచ్చును. ముసునూరి కాపయనాయకుడు 1336 ప్రాంతమున ఓరుగంటిని తిరిగి గైకొనిన పిదప ఊరు మరల నిండియుండును. పాడుపడిన ఊరినుండి గూడ జాతరలు తొలగిపోవు. కాబట్టి సాంఘికచరిత్ర వ్రాయువారు క్రీడాభిరామమును మొత్తముగా కాకతీయయుగపు పత్రముగా ఉదాహరించుట తగదు. ఏ వస్తువును చెప్పుచున్నామో, అది రాజసభకు చెందినదో వీథికి చెందినదో ముందు విడదీయవలెను.

చివరకు ఖుష్ మహలుకు చేరువనున్న ఏకశిల గుట్టను ఎక్కుదము. మెట్లు కొద్దిగానే యున్నవి. పైన చిన్న గుడి కలదు. ఊరికి పేరిచ్చినది ఈ రాయియే యందురు. ఏకశిలానగరము సంస్కృతరూపము. తెలుగుపేరులోని ‘కల్లు’ తమిళ కన్నడములలో రాతికి నేటికిని వాడుకలో నున్న మాట. తెలుగున ఆ స్థానమును ‘రాయి’ ఆక్రమించినది, ‘కల్లు’ ఊరిపేరులలో దాగినది. ఇల్లు ఇంటి, విల్లు వింటి, ముల్లు ముంటి యైనట్లే ఓరుగల్లు ఓరుగంటి యగును. ఓరుగంటిని ఇంటిపేరుగా గలవారు నేటికిని తెలుగునాట పలువురున్నారు. గుట్టమీదినుండి చూచినచో రాతిగోడ వలయమంతయు కన్నులకు అందును. దానిలోపల నేడును ఇండ్లున్నవి, పొలములున్నవి, మేకలు తోరణముల నీడను పండుకొనును.

నడక ఉదయముననే మొదలిడుట మంచిది. ఎండవేళ రాతిమీద నిలువలేము. దిగి తూర్పు వాకిటి గుండా వెలుపలికి పోయినచో, మట్టికోట దాటులోపల టీ కొట్లు దొరకును. ఇచ్చట కూర్చుండి పూటకూటి యింటి పద్యములను తోడివారికి చదివి వినిపింపవచ్చును.