వడిగుఱ్ఱం, ఓర్పుగుఱ్ఱం

హైదరాబాదు తూర్పుభాగాన సైదాబాదు నుండి మలక్‌పేట వైపు వెళ్ళేవారికి గుఱ్ఱపు పందాల మైదానం కనిపిస్తుంది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1886లో, పందాలు మౌలాలీ నుండి ఇక్కడికి మారినవి. నడుమ చాలాకాలం సికిందరాబాదులో జరిగి 1968లో తిరిగి ఇక్కడికే చేరినవి. ఈ మైదానంలో పరుగెత్తేవి థరోబ్రెడ్ జాతి గుఱ్ఱాలు. 1200 మీటర్ల పందెం వీటికి నిమిషంపైన పది పన్నెండు సెకండ్ల పని.

ఇప్పుడు వేరొక పందెం ఊహించండి. తెల్లవారకముందే సైదాబాదులో బయలుదేరి, విజయవాడ బాట పట్టి, ప్రొద్దుగుంకేలోపల సూర్యాపేట దాటి మరి కొంతదూరం పోవాలి. రౌతును మోస్తూ ఒకే గుఱ్ఱం 160 కిలోమీటర్లు నడవాలి. దీర్ఘదూర పందాలలో పెద్దది సరిగా ఇంత దూరమే. పందెపు మైదానంలో మెరుపువలె పోయే గుఱ్ఱం ఇందులో సామాన్యంగా నెగ్గదు. అందుకు కారణం బలం తక్కువై కాదు. ఆ బలం వేరొక పనికోసం తరతరాలుగా ఏరబడినది.

గుఱ్ఱపు కండరాలలో రెండు ముఖ్యమైన రకాల తంతువులు ఉంటాయి. ఒక రకం వేగంగా ముడుచుకొని త్వరగా అలసిపోతుంది. రెండవ రకం నెమ్మదిగా ముడుచుకొన్నా, ప్రాణవాయువు అందుతున్నంతసేపు క్రొవ్వును ఇంధనంగా వాడుకొంటూ గంటలకొద్దీ పనిచేస్తుంది. కండరాల పెరుగుదలను అదుపుచేసే మయోస్టాటిన్ అనే జన్యువులో ఒక రూపం పొట్టి పందాలకూ, మరొక రూపం దూరపు పందాలకూ అనుకూలమని 2010లో థరోబ్రెడ్ గుఱ్ఱాలపై జరిగిన పరిశోధన తెలిపింది. అరబ్బీ గుఱ్ఱాలలో అత్యధికభాగం ఈ రెండవ రూపం గలవే.

అంతకంటె పెద్ద సమస్య వేడి. కండరం ఖర్చుచేసే శక్తిలో నాలుగవవంతు మాత్రమే పనిగా మారుతుంది, తక్కినది వేడి. ఒక్క నిమిషపు పరుగులో పుట్టిన వేడిని పందెం ముగిసిన తరువాత తీరికగా చల్లార్చుకోవచ్చును. పదిగంటల నడకలో అది కుదరదు. పుట్టిన వేడి పుట్టినట్లే బయటికి పోవాలి. గుఱ్ఱం మనిషివలెనే చెమటపట్టి చల్లబడుతుంది. కష్టపడి నడిచేటప్పుడు గంటకు పది లీటర్లకు పైగా చెమట పోవచ్చును. ఆ చెమటలో ఉప్పుపాలు మన చెమటలోకంటె ఎక్కువ. చిన్నశరీరానికి, బరువుతో పోల్చితే చర్మవైశాల్యం అధికం. ఘనానికీ దాని ఉపరితలానికీ గల సంబంధం తెలిసిన విద్యార్థి, పలుచని చర్మంతో సన్నగా ఉండే అరబ్బీ గుఱ్ఱం ఎడారిలో ఎందుకు నెగ్గుకొచ్చిందో తానే చెప్పగలడు.

అందుకే ఈ పందెంలో గడియారంతోపాటు పశువైద్యుడు కూడ న్యాయనిర్ణేత. నడుమ నడుమ మజిలీలవద్ద గుఱ్ఱాన్ని ఆపి నాడి చూస్తారు. విశ్రాంతిలో నిమిషానికి నలభైకి లోబడి కొట్టుకొనే గుండె, నడకలో ఎంత పెరిగినా, నియమితమైన కొద్ది నిమిషాలలో 64కు దిగిరావాలి. రాకపోయినా, కుంటినా, ఆ గుఱ్ఱం అక్కడితో ఆగవలసినదే. ముందు వచ్చినది గెలవటం కాదు, ముందు వచ్చి ఆరోగ్యంగా నిలిచినది గెలుస్తుంది. ఇది మంచి నియమం.

అయితే శుద్ధ అరబ్బీ గుఱ్ఱం చిన్నది. పొడుగరియైన రౌతునూ, సామానునూ మోయటానికి ఇంకొంచెం ఎముకపుష్టి కావాలి. ఈ అవసరం ఆస్ట్రియా సామ్రాజ్య సైన్యానికి కలిగింది. హంగరీలోని బాబోల్నాలో 1789లో ఏర్పడిన అశ్వక్షేత్రంలో, 1816 నుండి స్థానిక గోడిగలను, అనగా ఆడుగుఱ్ఱాలను, తూర్పుదేశపు మగగుఱ్ఱాలతోనే దాటించాలని నిర్ణయించినారు. 1836లో సిరియా ప్రాంతం నుండి షాగ్యా అనే బూడిదరంగు మగగుఱ్ఱాన్ని తెచ్చినారు. దాని సంతతి మిక్కిలి వ్యాపించి చివరకు జాతికే ఆ పేరు నిలిచింది. షాగ్యా-అరబ్బీ అనే పేరుకు అంతర్జాతీయ గుర్తింపు 1978లో వచ్చింది. అరబ్బీ అందం, ఓర్పు పోకుండా ఎత్తూ, వెడల్పూ పెరిగిన గుఱ్ఱం అది. తండ్రి వంశనామానికి అంకె చేర్చి ప్రతి మగగుఱ్ఱానికి పేరు పెట్టటం అక్కడి ఆచారం. ఈ చిన్న ఆచారంవల్ల ఏ గుఱ్ఱం ఏ శాఖదో పేరు వినగానే తెలుస్తుంది.

సైన్యాలు గుఱ్ఱాలను వదలివేసిన పిమ్మట ఈ జాతి కొద్ది గుఱ్ఱాలకు పరిమితమైనది. ఇక్కడే అసలు చిక్కు. ఒక జాతిలో 200 గోడిగలు, 5 మగగుఱ్ఱాలు ఉన్నవనుకోండి. మొత్తం 205 కదా అని సంతోషించరాదు. ఆడువాటి సంఖ్యను మగవాటి సంఖ్యతోనూ, తరువాత నాలుగుతోనూ గుణించి, మొత్తం సంఖ్యతో భాగిస్తే వచ్చేది ఇంచుమించు 20. జన్యువైవిధ్యం దృష్ట్యా ఆ మంద 20 గుఱ్ఱాల మందతో సమానం. తరానికి రెండున్నర శాతం వైవిధ్యం జారిపోతుంది. మగగుఱ్ఱాలను 20కి పెంచితే ఈ సంఖ్య 73 అవుతుంది, నష్టం ఒక శాతంకంటె తగ్గుతుంది. గోడిగ ఒక్కటి కూడ పెరగకుండానే ఇంత తేడా!

కాబట్టి అందరూ ఒకే పేరుమోసిన గుఱ్ఱం వెంట పడటం జాతికి మేలు కాదు. దీనికి తోడు మరో విడ్డూరం ఉన్నది. దీర్ఘదూర పందాలలో పేరు తెచ్చుకొనేవాటిలో చాలా భాగం విత్తు కొట్టిన గుఱ్ఱాలు. అవి నెమ్మదిగా ఉండి మాట వింటాయి కనుక రౌతులకు ఇష్టం. గోడిగ చూలు పదకొండు నెలలు, పిల్ల ఒక్కటే. పుట్టిన పిల్ల పెద్ద పందానికి తగినంత ముదిరేసరికి ఎనిమిదేండ్లు పడుతుంది. దాని గొప్పతనం తెలిసేనాటికి సంతతినిచ్చే శక్తి ఎన్నడో పోయి ఉంటుంది. విత్తు కొట్టేముందే వీర్యాన్ని ద్రవనైట్రోజనులో, సున్నకు 196 డిగ్రీల దిగువన, దాచిపెడితే ఈ నష్టం తప్పుతుంది. థరోబ్రెడ్ జాతిలో కృత్రిమ గర్భధారణకు అనుమతి లేదు. షాగ్యావంటి జాతులలో ఉన్నది.

మేలిరక్తం తెచ్చేటప్పుడు రోగం కూడ రావచ్చును. అరబ్బీ వంశాలలో రోగనిరోధకశక్తి బొత్తిగా లేకుండా పుట్టే పిల్లలు కొన్ని నెలలకే చనిపోతాయి. ఇది అంతర్గత లక్షణం. రెండు వాహకాలను కలిపితే నాలుగింట ఒక పిల్లకు రోగం వచ్చే అవకాశం ఉంటుంది. వాహకాన్ని వాహకం కాని దానితో కలిపితే రోగి పుట్టదు. 1997 నుండి దీనికి జన్యుపరీక్ష ఉన్నది. కాబట్టి వాహకమని తెలిసినంతనే మంచి వంశాన్ని తుడిచివేయనక్కరలేదు. జత చూచి కలిపితే చాలును.

ఇదే పని దక్కనులోనూ జరిగింది, కాని పుస్తకం లేకుండా. విజయనగర ప్రభువు ఏటా 13,000 గుఱ్ఱాలను, హొర్ముజ్‌వీ దేశవాళీవీ కలిపి, కొనేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసినాడు. మనుమంచిభట్టు గుఱ్ఱాల లక్షణాలపై తెలుగులో పద్యగ్రంథమే రచించినాడు. భీమానదీ తీరంలో స్థానికమైన పొట్టిగుఱ్ఱాలకు అరబ్బీ, తురుష్క రక్తం కలిసి గట్టి గిట్టలు గల ఓర్పుగుఱ్ఱం తయారైనది. మరాఠా ఆశ్వికులకు అది వాహనం. ఆ నది తెలంగాణ అంచున, నారాయణపేట జిల్లా తంగిడివద్ద కృష్ణలో కలుస్తుంది. ఏ గోడిగకు ఏ మగగుఱ్ఱం అన్న లెక్క ఎవరూ వ్రాసి ఉంచలేదు. యుద్ధాలు పోయినవి, గుఱ్ఱం కూడ మరుగునపడింది.

పూర్తిగా పోలేదు. మహారాష్ట్రలో సంచారం చేసే గొఱ్ఱెలకాపరులు దానిపై సామాను వేసుకొని మందలవెంట నడుస్తున్నారు. కర్నాలులోని జాతీయ పశు జన్యువనరుల సంస్థ 2023-24లో దీనిని భీమ్‌థడీ పేరిట ప్రత్యేక జాతిగా నమోదు చేసింది. ఆ ఏటి జాబితాలోనే మన పల్నాటి మాచర్ల గొఱ్ఱె కూడ ఉన్నది. 2023లోనే బికనీరులోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో మార్వాడీ గుఱ్ఱపు పిండాన్ని వేరొక గోడిగ గర్భంలో ఉంచి పిల్లను పుట్టించినారు. కాపరులవద్ద మిగిలిన భీమ్‌థడీ గుఱ్ఱాలకు కూడ ఈ పద్ధతి పనికివస్తుంది. అంతకుముందు ఏ పిల్ల ఏ తల్లిదో, ఏ తండ్రిదో కాపరులను అడిగి, రక్తపరీక్షతో సరిచూచి, మొదటి పేజీ వ్రాయటం మొదలుపెట్టాలి.